రాడ్ సెర్లింగ్ దగ్గర కథకులు నేర్చుకోదగ్గది: తరచుగా అడిగే ప్రశ్నలు

కథలు, షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు రాసేవాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు, రాడ్ సెర్లింగ్ సృష్టించిన పాత అమెరికన్ టీవీ సిరీస్ 'ద ట్విలైట్ జోన్' ప్రస్తావన వస్తే ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. జవాబులన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని ఇక్కడ రాస్తున్నాను. ముగింపు చెప్పకుండా కథ ఎలా కట్టారో వివరించలేం కాబట్టి కొన్ని ఎపిసోడ్ల గుట్టు ఇక్కడ బయటపడిపోతుంది. సస్పెన్స్ పోగొట్టుకోవడం ఇష్టంలేనివాళ్ళు చివరి ప్రశ్నలో చెప్పిన ఎపిసోడ్లు చూసొచ్చి, ఆ తర్వాత మిగతాది చదవండి.

రాడ్ సెర్లింగ్ ఎవరు?

అమెరికన్ టీవీ రచయిత. 1924 డిసెంబర్ 25న న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టాడు. అదే రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో పెరిగాడు. హైస్కూల్ చదువు అవగానే 1943లో సైన్యంలో చేరి, పారాట్రూపర్‌గా ఫిలిప్పీన్స్‌లో జపాన్ సైన్యంతో పోరాడి గాయపడ్డాడు. తిరిగొచ్చాక ఒహాయోలోని ఆంటియాక్ కాలేజీలో చదువుతూ రేడియోకి రాయడం మొదలుపెట్టాడు. 1955 జనవరి 12న ప్రసారమైన 'ప్యాటర్న్స్' అనే టీవీ నాటకంతో రాత్రికి రాత్రే పేరొచ్చింది. ఆ రోజుల్లో నాటకాలు లైవ్‌లో వెళ్ళేవి, అయిపోతే అయిపోయినట్టే. జనం ఎంతగా అడిగారంటే, నెల తిరక్కుండానే అదే నాటకాన్ని మళ్ళీ లైవ్‌లో వేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది 'రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్' వచ్చింది. బరినుంచి తప్పుకోవాల్సి వచ్చిన ఒక బాక్సర్ కథ అది.

'ద ట్విలైట్ జోన్' 1959 అక్టోబర్ 2న సీబీఎస్ అనే అమెరికన్ టీవీ చానల్లో మొదలై 1964 దాకా సాగింది. ఐదు సీజన్లు, 156 ఎపిసోడ్లు. అందులో 92 ఎపిసోడ్లకు స్క్రిప్టు సెర్లింగ్‌దే.

ఆంథాలజీ సిరీస్ అంటే?

ప్రతి ఎపిసోడ్‌కీ కథ వేరు, పాత్రలు వేరు, ఊరు వేరు. మన ఓటీటీల్లో ఈమధ్య వస్తున్న తెలుగు ఆంథాలజీలు చూసినవాళ్ళకు ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. ఇందులో రచయితకు ఒక కష్టం ఉంది. పోయిన వారం నచ్చిన పాత్ర ఈ వారం ఉండదు కాబట్టి ప్రేక్షకుడి అభిమానాన్ని ప్రతిసారీ సున్నా నుంచి సంపాదించుకోవాలి. అన్ని కథల్నీ కలిపి ఉంచేది ఒకే ఒకటి, రాసినవాడి చూపు.

ట్విలైట్ జోన్ అంటే ట్విస్టే కదా? మేం నేర్చుకోవాల్సింది కూడా ట్విస్ట్ రాయడమేనా?

అందరూ అక్కడే ఆగిపోతారు. నా మటుకు నాకు సెర్లింగ్ దగ్గర నేర్చుకోవాల్సిన వాటిలో ట్విస్ట్ ఆఖరున వస్తుంది. మొదట ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంటుంది. చాలాసార్లు అది కోపంలోంచి పుట్టిన మాట. ఆ మాటకు సరిపడే లోకాన్ని ఊహించడం తర్వాతి పని. ట్విస్ట్ ఆ లోకంలోంచే పుడుతుంది.

'ఐ ఆఫ్ ద బిహోల్డర్' (1960) తీసుకోండి. ఆసుపత్రి గదిలో జానెట్ టైలర్ అనే అమ్మాయి ముఖం నిండా కట్లతో పడుకుని ఉంటుంది. అందరిలా కనిపించాలని చికిత్స చేయించుకుంటోంది, ఇది పదకొండోసారి. ఇదీ విఫలమైతే తనలాంటివాళ్ళను విడిగా ఉంచే ఊరికి పంపేస్తారు. దర్శకుడు డగ్లస్ హేయ్స్ ఎపిసోడ్ పొడుగునా డాక్టర్ల, నర్సుల ముఖాలు మనకు చూపించడు. వాళ్ళు నీడలోనో, వెనక్కి తిరిగో, తెర చాటునో ఉంటారు. మనకు వినిపించేవి గొంతులే. అవి చాలా దయగల గొంతులు. చివర్లో కట్లు విప్పుతారు. లోపల చక్కటి ముఖం. డాక్టరు వెనకడుగు వేస్తాడు, చికిత్స ఫలించలేదంటాడు. అప్పుడు లైట్లు వెలుగుతాయి. డాక్టర్లకూ నర్సులకూ పంది మూతిలాంటి ముక్కులు, వంకరపోయిన పెదాలు.

అందరికీ గుర్తుండేది ఆ ముఖాలే. కానీ నడవాలో వెలుగుతున్న టీవీని గమనించండి. అందులో ఒక నాయకుడు అందరూ ఒకేలా ఉండాలని, తేడాగా ఉన్నవాళ్ళను ఏరి పారేయాలని గొంతు చించుకుంటుంటాడు. కథ అసలు విషయం అది. హిట్లర్ కాలం ముగిసి పదిహేనేళ్ళు. వేరుగా ఉన్నవాణ్ణి జబ్బు మనిషిగా చూసే సమాజం గురించి సెర్లింగ్ మాట్లాడుతున్నాడు. ఆ డాక్టరుకు కూడా ఒక దశలో అనుమానం వస్తుంది, వేరుగా ఉంటే తప్పేమిటని. పక్కనున్న నర్సు వెంటనే హెచ్చరిస్తుంది, అలాంటి మాటలు రాజద్రోహమని. ట్విస్ట్ తీసేసినా ఈ రెండు మాటల సంభాషణ నిలబడుతుంది.

మీ కథకు ఇదే పరీక్ష పెట్టుకోవచ్చు. ముగింపు ముందే చెప్పేసి స్నేహితుడికి కథ వినిపించండి. అప్పుడు కూడా వినాలనిపిస్తే కథ ఉన్నట్టు. ఈ ఎపిసోడ్ల ముగింపులన్నీ తెలిసి కూడా అమెరికాలో జనం ఏటా కొత్త సంవత్సరం వేళ సైఫై చానల్లో వరసపెట్టి చూస్తుంటారు.

వాస్తవ కథలు రాసి పేరు తెచ్చుకున్నవాడు గ్రహాంతరవాసుల వైపు ఎందుకు వెళ్ళాడు?

వాస్తవాన్ని రాయనివ్వలేదు కాబట్టి. ఈ జవాబు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెర్లింగ్‌ని అర్థం చేసుకోవడానికి తాళం చెవి ఇక్కడే ఉంది.

1955 ఆగస్టులో షికాగో నుంచి మిసిసిపీలోని బంధువుల ఇంటికి వెళ్ళిన ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి ఇద్దరు తెల్లవాళ్ళు కిరాతకంగా చంపారు. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ ఆ ఇద్దర్నీ నిర్దోషులని వదిలేసింది. హంతకుణ్ణి వెనకేసుకొచ్చే ఊరి గురించి సెర్లింగ్ నాటకం రాశాడు. పేరు 'నూన్ ఆన్ డూమ్స్‌డే'. ఇది టిల్ కథేనని బయటికి పొక్కగానే అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి బెదిరింపులు, బహిష్కరణ హెచ్చరికలు మొదలయ్యాయి. కార్యక్రమానికి డబ్బు పెట్టే కంపెనీ బెంబేలెత్తింది. కథ జరిగే చోటును దక్షిణాదికి వీలైనంత దూరంగా న్యూ ఇంగ్లండ్‌కి మార్చారు. చనిపోయినవాణ్ణి ఎక్కడివాడో తెలియని పరదేశిగా మార్చారు. చివరికి సెట్‌లో కోకాకోలా సీసాలు కూడా కనిపించకూడదన్నారు, వాటిని చూస్తే దక్షిణాది గుర్తొస్తుందట. 1956 ఏప్రిల్‌లో నాటకం ప్రసారమయ్యేసరికి అందులో ఎవరి మీదా కోపం మిగల్లేదు.

సెర్లింగ్ పట్టు వదల్లేదు. అదే విషయాన్ని 1958లో 'ఎ టౌన్ హాజ్ టర్న్డ్ టు డస్ట్' పేరుతో మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి కథ 1870ల నాటికి, నైరుతి ఎడారి ఊరికి జరిగింది. బలయ్యేది మెక్సికన్ కుర్రాడు. ఇంకోసారి అమెరికన్ సెనేట్ మీద రాస్తే, సెనేటర్లు ఏ పార్టీవాళ్ళో చెప్పకూడదు, అప్పటి సమస్య ఒక్కటీ ఎత్తకూడదు అన్నారు. దానికన్నా కథను వందేళ్ళ తర్వాత జరిగినట్టు రాసి, సెనేట్ నిండా మరమనుషుల్ని పెట్టి ఉంటే చెప్పాల్సింది చెప్పగలిగేవాణ్ణి అని ఆ అనుభవం గురించి ఆయనే తర్వాత రాశాడు. ట్విలైట్ జోన్‌కి విత్తనం ఆ ఆలోచనే. డెమొక్రాట్ నోట పలికించలేని మాటను అంగారక గ్రహవాసి నోట పలికిస్తే స్పాన్సర్లు పట్టించుకోరని ఆయన కనిపెట్టాడు.

అంటే సెన్సార్‌కి భయపడి దొడ్డిదారి పట్టాడనుకోవాలా?

అప్పట్లో చాలామంది అలాగే అనుకున్నారు. సిరీస్ మొదలవడానికి కొద్దిరోజుల ముందు, 1959 సెప్టెంబర్‌లో, మైక్ వాలెస్ అనే పాత్రికేయుడు ఆయన్ను టీవీలో ఇంటర్వ్యూ చేశాడు. టీవీకి ముఖ్యమైన విషయాలు రాయడం మానేసినట్టేనా అన్న అర్థంలో అడిగాడు. ముఖ్యమైనవంటే ఇప్పటి సామాజిక సమస్యలైతే, అవునండీ, వాటి జోలికి పోవడం లేదు అన్నాడు సెర్లింగ్. ఆ జవాబు ఎంతవరకు మనస్ఫూర్తిగా చెప్పాడో గానీ, ఆ తర్వాత వచ్చిన ఎపిసోడ్లు చూస్తే దానికి పూర్తిగా ఎదురు.

1960 మార్చి 4న వచ్చిన 'ద మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్' చూడండి. వేసవి సాయంత్రం, ప్రశాంతమైన వీధి, ఆడుకుంటున్న పిల్లలు. ఆకాశంలో ఏదో మెరిసి పోతుంది. కరెంటు పోతుంది, ఫోన్లు పనిచేయవు, కార్లు స్టార్ట్ కావు. ఒక కుర్రాడు తను చదివిన కథల్లోంచి ఓ మాట విసురుతాడు: గ్రహాంతరవాసులు దిగే ముందు అచ్చం మనలా కనిపించే ఓ కుటుంబాన్ని ముందే పంపిస్తారు అని. అంతే. ఒకతని కారు దానంతటదే స్టార్ట్ అవుతుంది, అందరి చూపూ అతని మీద పడుతుంది. నిద్రపట్టక రాత్రిళ్ళు బయట నిలబడి ఆకాశం చూసే అలవాటు అతని మెడకు చుట్టుకుంటుంది. ఇంకొకతను ఇంట్లో రేడియో తయారుచేసుకుంటున్నాడని అనుమానం. చీకట్లో ఎవరో నడిచొస్తుంటే తుపాకీ పేలుతుంది. పడిపోయింది పక్క వీధిలో పరిస్థితి చూసొస్తానని వెళ్ళిన తమవాడే. కాల్చినవాడి ఇంట్లో లైట్లు వెలుగుతాయి, ఇప్పుడు రాళ్ళు అతని మీదికి. చివర్లో కొండమీద నిలబడ్డ ఇద్దరు గ్రహాంతరవాసులు తాపీగా మాట్లాడుకుంటారు. మనం చేయాల్సింది లైట్లు ఆర్పడమే, మిగతాది వాళ్ళే చేసుకుంటారని.

కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషుల ఉద్యోగాలు ఊడబీకి, బతుకులు నాశనం చేసిన కాలం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంది. చూసినవాళ్ళకు ఆ కథ ఎవరి గురించో అర్థం కాకపోదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, తెలంగాణ, ఆంధ్ర ఊళ్ళల్లో దారిన పోయే అమాయకుల్ని జనం పట్టుకుని కొట్టినప్పుడు నాకు ఈ ఎపిసోడే గుర్తొచ్చింది. ఒక కాలానికి తగలాల్సిన దెబ్బ అంత సూటిగా తగిలింది కాబట్టే ఇంకో కాలానికీ తగులుతోంది. దీన్ని రాజీ అనడానికి నాకు నోరు రాదు.

1964 నాటికి ఆయన ఆ ముసుగు కూడా దాదాపు తీసేశాడు. 'ఐ యామ్ ద నైట్, కలర్ మీ బ్లాక్'లో ఒక మనిషిని ఉరితీసే ఉదయాన ఊళ్ళో తెల్లవారదు. ద్వేషం వల్ల పట్టిన చీకటి అది. చివర్లో రేడియో ఇంకా ఎక్కడెక్కడ చీకటి పడిందో ఊళ్ళ పేర్లతో చదువుతుంది. వాటిలో 1963లో చర్చిలో పెట్టిన బాంబుకు నల్లజాతి పిల్లలు బలైన అలబామాలోని బర్మింగ్‌హామ్ ఉంది, అదే ఏడాది కెనెడీ హత్య జరిగిన డాలస్‌లో ఒక వీధి ఉంది.

ఒక కథలో ఎన్ని వింతలు పెట్టొచ్చు?

ఒక్కటి. మిగతాదంతా మనం రోజూ చూసేలా ఉండాలి.

సెర్లింగ్ కథల్లోనే కాదు, ఆయన ఎంచుకున్న ఇతర రచయితల కథల్లో కూడా ఈ క్రమశిక్షణ కనిపిస్తుంది. రిచర్డ్ మాథెసన్ రాసిన 'నిక్ ఆఫ్ టైమ్' నాకు చాలా ఇష్టం. కొత్తగా పెళ్ళయిన జంట, కారు చెడిపోయి ఒహాయోలోని చిన్న ఊళ్ళో చిక్కుకుంటారు. టిఫిన్ తినే చోట టేబుల్ మీద జోస్యం చెప్పే యంత్రం, పెన్నీ వేస్తే చీటీ వస్తుంది. భర్త సరదాగా అడుగుతాడు. జవాబు నిజమవుతుంది. మళ్ళీ అడుగుతాడు. ఇక లేవడు. ఆ యంత్రానికి నిజంగా శక్తి ఉందో లేదో కథ చివరిదాకా చెప్పదు. ఆ చీటీల్లో ఉన్నవి ఎవరికైనా సరిపోయే మాటలే. వింత యంత్రంలో ఉందా అతని బుర్రలో ఉందా అన్నదే కథ. మంచిరోజు అడక్కుండా అడుగు బయటపెట్టలేనివాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు కాబట్టి దీన్ని మనకు విడమర్చి చెప్పక్కర్లేదు.

కొత్తగా ఫాంటసీ రాసేవాళ్ళు లోకం మొత్తాన్ని తలకిందులు చేసి, దాని నియమాలు వివరించడానికే సగం కథ ఖర్చుపెడుతుంటారు. పాతిక నిమిషాల కథకు అంత బరువు ఆగదు.

సొంత జీవితం కథల్లోకి ఎంత రావాలి?

సెర్లింగ్ విషయంలో చాలా వచ్చింది, కానీ వచ్చినట్టు కనిపించదు. యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లోని లేటీ దీవి మీద ఉన్నప్పుడు ఆకలితో ఉన్న దళానికి విమానం నుంచి ఆహారం పెట్టెలు జారవిడిచారు. అప్పటిదాకా అందర్నీ నవ్విస్తున్న స్నేహితుడి మీద ఒక పెట్టె పడి అక్కడికక్కడే చనిపోయాడు, సెర్లింగ్ కళ్ళముందే. శత్రువు తూటా కాదు, అన్నం పెట్టె. ప్రాణాలు నిలపడానికి వచ్చింది ప్రాణం తీసుకుపోవడం అన్నది ఆయన కథల్లో ఎన్ని రూపాల్లో తిరిగొచ్చిందో చూస్తే, ఆ రోజు ఆయన్ను ఎప్పటికీ వదల్లేదని తెలుస్తుంది.

'ద పర్పుల్ టెస్టమెంట్'లో ఫిలిప్పీన్స్‌లో పోరాడుతున్న లెఫ్టినెంట్‌కి, ఆ రోజు చనిపోబోయేవాళ్ళ ముఖాల మీద ఒక వింత వెలుగు కనిపిస్తుంటుంది. ఒకరోజు అద్దంలో తన ముఖం మీదా అదే వెలుగు. 'ఎ క్వాలిటీ ఆఫ్ మెర్సీ'లో గుహలో దాక్కున్న గాయపడ్డ జపాన్ సైనికుల్ని తుడిచిపెట్టాలని ఉరకలేసే కుర్ర అమెరికన్ ఆఫీసరు, కళ్ళు మూసి తెరిచేలోగా 1942లో జపాన్ ఆఫీసరైపోతాడు. ఇప్పుడు గుహలో ఉన్నది గాయపడ్డ అమెరికన్లు. తనతో పోరాడిన సైన్యం వైపు నిలబడి ఈ కథ రాశాడంటే ఆ మనిషి గుండె ఎంత పెద్దదో ఆలోచించండి.

ఇక 'వాకింగ్ డిస్టెన్స్' (1959). ప్రకటనల కంపెనీలో పని ఒత్తిడికి విసిగిపోయిన ముప్పయ్యారేళ్ళ మార్టిన్ స్లోన్, దారిలో కారు రిపేరుకి ఇచ్చి తను పుట్టిపెరిగిన ఊరికి నడిచి వెళ్తాడు. అక్కడ అతని చిన్ననాటి కాలమే నడుస్తోంది. చనిపోయిన తల్లిదండ్రులు బతికే ఉన్నారు. తనే పిల్లాడిగా రంగులరాట్నం ఎక్కి తిరుగుతున్నాడు. తండ్రి చివరికి అతణ్ణి గుర్తుపట్టి, కోప్పడకుండా, ఇక్కడ నీకు చోటు లేదు, ఆ పిల్లాడి వేసవి ఆ పిల్లాణ్ణి అనుభవించనీ అని నెమ్మదిగా చెప్పి పంపిస్తాడు. బింగ్‌హామ్టన్‌లోని రిక్రియేషన్ పార్కులో అలాంటి రంగులరాట్నం ఉంది, సెర్లింగ్ చిన్నప్పుడు ఆడుకున్నది అక్కడే. ఆయన తండ్రి 1945లో చనిపోయాడు. సైన్యంలో ఉన్న కొడుకు అంత్యక్రియలకు వెళ్ళలేకపోయాడు. తండ్రితో జరగని ఆ మాటల్ని ఈ ఎపిసోడ్లో జరిపించుకున్నాడని నా నమ్మకం. అయితే తెర మీద యుద్ధం ఊసే లేదు, సైనికుడు లేడు, శవపేటిక లేదు. జరిగింది జరిగినట్టు రాయలేదు. ఆ బాధను మాత్రం పట్టుకుని, అది ఎక్కువమందికి తగిలే చోటు వెతికాడు.

కథ ఎంత నిడివి ఉండాలి?

ఆలోచన ఎంత ఉంటే అంత. 1963లో నాలుగో సీజన్‌ని చానల్ గంట కార్యక్రమంగా మార్చింది. మొత్తం 18 ఎపిసోడ్లు. కొన్ని బాగున్నా చాలావాటిలో సాగదీత తెలిసిపోతుంది. ఈ నిడివి తమ కథలకు నప్పలేదని సెర్లింగ్ కూడా అన్నాడు. ఐదో సీజన్‌కి మళ్ళీ అరగంటకే వచ్చారు. ఓటీటీవాళ్ళు ఎనిమిది ఎపిసోడ్లు అడిగారని ఒక్క ఎపిసోడ్ ఆలోచనను లాగి పీకి పెంచేవాళ్ళకు ఆ సీజన్ చూపించాలి.

బడ్జెట్ లేనప్పుడు?

మేపుల్ స్ట్రీట్ కథలో చివర కనిపించే గ్రహాంతరవాసుల దుస్తులు ఆ ఎపిసోడ్ కోసం కుట్టించినవి కావు. ఎంజీఎం స్టూడియో 1956లో తీసిన 'ఫర్‌బిడెన్ ప్లానెట్' సినిమాకి వాడినవే. ఆ వీధి కూడా స్టూడియో ఆవరణలో ఎప్పటినుంచో ఉన్న సెట్టే. నిర్మాత బక్ హోటన్ ఎంజీఎం గోదాముల్లో ఉన్నదంతా వాడుకోగలిగాడు. 'ద ఇన్వేడర్స్'లో ఆగ్నెస్ మూర్‌హెడ్ ఒక్కతే నటి, ఒకే గుడిసె. ఆమెకు ఒక్క డైలాగు లేదు. దాడిచేసే చిట్టి ఆకారాల వాహనం కూడా ఆ పాత సినిమాలోదే.

అయితే ప్రతి పొదుపూ కలిసిరాదు. రెండో సీజన్లో ఖర్చు తగ్గించడానికి ఆరు ఎపిసోడ్లు ఫిల్మ్ మీద కాకుండా వీడియోటేప్ మీద తీశారు. బొమ్మ చదునుగా, స్టేజీ నాటకంలా వచ్చింది. ఎడిటింగ్ కష్టమైంది, బయట షూటింగ్ కుదర్లేదు. మళ్ళీ ఆ పని చేయలేదు. పాత్రల సంఖ్య, లొకేషన్లు తగ్గించుకుంటే కథ బిగుస్తుంది. చూపించే తీరులో నాణ్యత తగ్గితే మాత్రం కథే దెబ్బతింటుంది.

కథలో ఉపన్యాసం ఇవ్వకూడదంటారు. సెర్లింగ్ ఇచ్చాడుగా?

ఇచ్చాడు, బోలెడు. కొన్ని ఎపిసోడ్లలో పాత్రలన్నీ సెర్లింగ్‌లాగే మాట్లాడతాయి, అవి బోరు కొడతాయి కూడా. కానీ ఉపన్యాసం పండిన చోట ఏం చేశాడో చూడాలి.

'ద ఆబ్సొలీట్ మ్యాన్' (1961) దాదాపు మొత్తం వాదనే. పుస్తకాలు నిషేధించిన రాజ్యంలో వర్డ్స్‌వర్త్ అనే లైబ్రేరియన్‌ని పనికిరాని మనిషిగా తేల్చి మరణశిక్ష వేస్తారు. ఎలా చావాలో ఎంచుకునే హక్కు ఇస్తారు. అతను తన గదిలో, దేశమంతా టీవీలో చూస్తుండగా చస్తానంటాడు. తీర్పు చెప్పిన ఛాన్సలర్‌ని గదికి పిలుస్తాడు. అతను వచ్చాక తలుపు తాళం పడుతుంది. అర్ధరాత్రికి పేలే బాంబు గదిలోనే ఉంది. ఇక ఆ ఇద్దరూ ఎంత సేపు సిద్ధాంతాలు మాట్లాడుకున్నా మనం కదలం, ఎందుకంటే గడియారం నడుస్తోంది. లైబ్రేరియన్ నింపాదిగా బైబిల్ చదువుకుంటాడు. ఛాన్సలర్‌కి చెమటలు పడతాయి. దేవుడు లేడని ప్రకటించిన రాజ్యానికి ప్రతినిధి, చివరికి దేవుడి పేరు చెప్పి తలుపు తీయమని బతిమాలతాడు. దేవుడి పేరు మీద అడిగావు కాబట్టి వెళ్ళు అని వదిలేస్తాడు వర్డ్స్‌వర్త్. వాదనలో ఎవరు గెలిచారో ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

మీ పాత్ర పెద్ద మాట మాట్లాడాల్సి వస్తే, ఆ మాటకు ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి ముందు కల్పించండి.

ప్రతి ఎపిసోడ్ మొదట్లో సెర్లింగ్ వచ్చి మాట్లాడతాడుగా, ఆ నెరేషన్ అవసరమా?

ఆయనకి అవసరమే. సగం నిమిషంలో మనిషి ఎవరు, ఎక్కడున్నాడు, అతని జీవితంలో ఏం లోటు అన్నది చెప్పేస్తే కథ నేరుగా మొదలవుతుంది. మొదటి సీజన్లో గొంతు మాత్రమే ఎక్కువగా వినిపించేది. రెండో సీజన్ నుంచి సూట్ వేసుకుని తెర మీదికే వచ్చాడు. ఇతరులు రాసిన ఎపిసోడ్లకు కూడా ఆ మాటలు తనే రాసేవాడు. 156 వేరువేరు కథల్ని ఒక కుటుంబంలా కనిపించేలా చేసింది ఆ గొంతే. మీకు అలాంటి గొంతు లేకపోతే మొదటి సీన్‌తోనే ఆ పని చేయించుకోండి, చాలు.

మిగతా రచయితల పాత్ర ఎంత?

చాలా ఎక్కువ. చార్ల్స్ బ్యూమాంట్, రిచర్డ్ మాథెసన్, జార్జ్ క్లేటన్ జాన్సన్, ఎర్ల్ హామ్నర్ ముఖ్యులు. మాథెసన్‌ది బిగుతైన భయం. విమానం రెక్క మీద ఏదో కనిపించి ప్రయాణికుడు హడలిపోయే 'నైట్‌మేర్ ఎట్ 20,000 ఫీట్' ఆయనదే. బ్యూమాంట్‌ది పీడకల. జాన్సన్‌ది ఆర్ద్రత, హామ్నర్‌ది పల్లెటూరి గొంతు. సెర్లింగ్ తనలా రాసేవాళ్ళను వెతుక్కోలేదు, తను రాయలేనివి రాసేవాళ్ళను తెచ్చుకున్నాడు. ఇతరుల కథల్ని తీసుకుని రాసినప్పుడు వాళ్ళ పేరు తెర మీద ఉండేది. కళ్ళజోడు పగిలిపోయే పుస్తకప్రియుడి 'టైమ్ ఇనఫ్ ఎట్ లాస్ట్'కి మూలం లిన్ వెనబుల్ రాసిన కథ.

ఐదు సీజన్లలో 92 స్క్రిప్టులు సెర్లింగ్ అంత వేగంగా ఎలా రాశాడు? మేం కూడా అలా రాయాలా?

టైపు కొట్టడం మాని, మాటల్ని రికార్డు చేసే డిక్టాఫోన్ అనే యంత్రంలో అన్ని పాత్రలూ తనే అయి మాట్లాడేవాడు, సెక్రటరీ దాన్ని టైపు చేసేవారు. ఆయన సంభాషణలు నోటికి అంత సులువుగా పలకడానికి ఇదొక కారణం. రాసింది పైకి చదువుకునే అలవాటు ఇవాళే చేసుకోవచ్చు, ఫోన్లో రికార్డు చేసి విన్నా చాలు. నోరు తిరగని డైలాగు వెంటనే దొరికిపోతుంది.

కానీ ఆ వేగాన్ని ఆదర్శంగా తీసుకోవద్దని గట్టిగా చెప్తాను. ఒప్పందం ప్రకారం స్క్రిప్టుల్లో ఎక్కువ భాగం తనే రాయాలి. పైగా నిర్మాణ బాధ్యత, తెర మీద కనిపించే పని. చివరి సీజన్లకు వచ్చేసరికి అలసట స్క్రిప్టుల్లో కనిపిస్తుంది, పాత ఆలోచనలు పేరు మార్చుకుని వస్తుంటాయి. హాస్యం ఆయనకు మొదట్నుంచీ అబ్బలేదు, ఆ ఎపిసోడ్లు ఇప్పుడు చూడటం కష్టం. ఆడపాత్రలు తక్కువ, ఉన్నవాటిలోనూ లోతు తక్కువ. సిగరెట్ మీద సిగరెట్ కాల్చేవాడు. 1975 జూన్ 28న రోచెస్టర్ ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్ తర్వాత యాభయ్యేళ్ళకే పోయాడు.

హక్కుల విషయంలో ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది, రెండు రకాలుగా. ట్విలైట్ జోన్‌ని తన సొంత సంస్థ కయూగా ప్రొడక్షన్స్ ద్వారా తీశాడు కాబట్టి మాట చెల్లింది. అయినా స్పాన్సర్లు పూర్తిగా వదల్లేదు. ఒక ఎపిసోడ్‌లో బ్రిటిష్ ఓడలో ఒక నావికుడు టీ పంపించమనే డైలాగు ఉంటే, స్పాన్సర్ కాఫీ అమ్మే కంపెనీ కావడంతో ఆ మాట తీసేయాల్సి వచ్చింది. అలాంటి చిన్నవి వదిలేసి పెద్దవాటికోసం పోట్లాడాడు. సిరీస్ ఆగిపోయాక మాత్రం తన వాటాను సీబీఎస్‌కే అమ్మేశాడు. దశాబ్దాల తరబడి అది మళ్ళీ మళ్ళీ ప్రసారమవుతుందని అప్పుడెవరూ ఊహించలేదు.

తర్వాత ఎన్బీసీ అనే ఇంకో చానల్లో 1970 నుంచి 1973 దాకా వచ్చిన 'నైట్ గ్యాలరీ'కి ముఖం, గొంతు ఆయనవే. నిర్ణయాలు మాత్రం వేరేవాళ్ళవి. ఆయన స్క్రిప్టులే తిరగ్గొట్టారు. చూసేవాళ్ళు మాత్రం అంతా ఆయనదే అనుకున్నారు. పేరు వాడుకుంటామని ఎవరైనా వస్తే, నిర్ణయం ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.

మొదలుపెట్టడానికి ఒక అభ్యాసం చెప్పండి.

ఈ మధ్య మీకు నిద్రపట్టనివ్వని అన్యాయం ఒకటి, ఊహ ఏమాత్రం కలపకుండా, ఒక్క వాక్యంలో రాయండి. దాన్ని ఉన్నదున్నట్టు తీస్తే ఎవరు అడ్డుపడతారో కింద రాయండి. ఇప్పుడు ఆ అడ్డుపడేవాళ్ళు కూడా చివరిదాకా కూర్చుని చూసే కథ ఏమిటో ఆలోచించండి. కాలం మార్చండి, ఊరు మార్చండి, ఒక్క వింత పెట్టండి. చివరగా మొదటి వాక్యాన్ని తీసి పక్కన పెట్టి చూడండి. అందులోని పదును తగ్గిందనిపిస్తే 'నూన్ ఆన్ డూమ్స్‌డే'కి జరిగిందే మీ కథకూ జరిగిందన్నమాట, మళ్ళీ రాయాలి.

ఏ ఎపిసోడ్లతో మొదలుపెట్టాలి?

'వాకింగ్ డిస్టెన్స్', 'ద మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్', 'ఐ ఆఫ్ ద బిహోల్డర్' ఈ వరసలో చూడండి. తర్వాత 'నిక్ ఆఫ్ టైమ్', 'ద ఆబ్సొలీట్ మ్యాన్'. వీలైతే 'ప్యాటర్న్స్' కూడా వెతికి చూడండి. అందులో వింతలేమీ ఉండవు, ఒక ఆఫీసు, ముసలి ఉద్యోగిని అవమానించి తరిమేయాలని చూసే యజమాని, అతని స్థానంలోకి తెచ్చిన కుర్రాడు, అంతే. ఆ యజమాని వాదన కూడా మనకు సబబే అనిపించేలా రాశాడు. ఒక్కో ఎపిసోడ్‌ని రెండుసార్లు చూడండి. రెండోసారి ముగింపు తెలిసే ఉంటుంది కాబట్టి, సమాచారం ఎక్కడ దాచాడో, ఎప్పుడు బయటపెట్టాడో కాగితం మీద రాసుకుంటూ చూడటం కుదురుతుంది.